దూది పట్టిందన్నావు

హఫీజ్‌పేట్,
21 ఆగస్టు 2011, ఆదివారం.

తణుకులో లారీ బాడీలు కట్టే శామ్యూలు బావకు, నీ కోడలి తండ్రి ఇస్సాకు వందనాలు చెప్పి రాసేది.

ఆరేండ్లయింది. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు. నా మనవరాలిని, అంటే నీకూ మనవరాలే, చర్చిలో దేవునికి ప్రతిష్ఠ చేసిన రోజు నా చేత్తో చేసిన టేకు ఊయలను ముందట పెట్టారు. పాస్టరు ప్రార్థన చేశాడు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. అంతట నువ్వు లేచి వచ్చి, రైలు గాలికి భయపడి చెవిలో కుక్కుకున్న దూదిని తీసి, ఊయల అంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకు గీశావు. ఒక పోగు చెక్కకు పట్టుకుంది. "బావగారూ, దూది పట్టిందండి" అన్నావు. చివర అండి ఉంది గనుక సంఘమంతా దాన్ని మర్యాద అనుకున్నది. మనిద్దరం కొయ్య పనివాళ్ళం. దూది జారితే నునుపు తేలినట్టు, పోగు పట్టితే పనివాడికి చేతకానట్టు. ఊయలలో పిల్ల ఉండగా, నలుగురిలో, గులిమి దూదితో నాకు తీర్పు చెప్పావు.

ఆ రోజే నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. నీ ఫోను వస్తే మా ఇంటామె రూతమ్మకు ఇచ్చి ఇంట్లో లేనని చెయ్యి ఊపుతాను. కానీ రాయనని ఒట్టు పెట్టుకోలేదు. అందుకే ఈ కవరు.

సంగతి యేమనగా, ఇక్కడ సైబరాబాదు అద్దాల మేడల్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు మీటింగు బల్ల చేయమన్నారు. మన ఇంటి బల్ల లాంటిది కాదు. అటు కొసకు కూర్చున్నవాడిని ఇటు కొస నుంచి పిలవాలంటే ఫోను చేయాలి. పైన ముఖం కనపడాలంట. చెప్పడానికి వచ్చిన మేనేజరు ముఖం చూశాను. అంతగా చూసుకునేది ఏముందో నాకు అర్థం కాలేదు. అంత బల్లను ఉప్పు కాగితం పట్టి చేత్తో రుద్దుకుంటూ పోతే పండుగ కూడా దాటుతుంది. నునుపు పట్టే మిషను కొనాలి. పంచాయితీ ఇక్కడ వచ్చింది.

నేను కరెంటు మిషను అన్నాను. నా దగ్గరే ఉండి పని చేసే నీ కొడుకు క్రిస్టోఫరు గాలి మిషను అన్నాడు. కరెంటు మిషను అంటే లోపల మోటారు ఉంటుంది, అది కాగితాన్ని తిప్పుతుంది, అయిపోయింది. నీ గాలి మిషనుకు పక్కన ఇంకో పెద్ద డబ్బా కావాలి. అది గాలి మింగి పైపులోకి ఊదాలి, ఆ గాలి వచ్చి కాగితాన్ని తిప్పాలి. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. ఇదే మాట వాడితో అంటే, "మా నాన్న షెడ్డులో అన్నీ గాలి మిషన్లేనండి మావయ్యా" అన్నాడు. అన్నం తింటూ ఇంకో మాట కూడా జారాడు. షెడ్డు వాడికి ఇస్తానన్నావంట. రాష్ట్రం వేరైతే ఆంధ్రావాళ్ళను హైదరాబాదులో ఉండనివ్వరు, భార్యాబిడ్డలను తీసుకొని వచ్చెయ్ అన్నావంట. క్రిస్మస్ లోపల తేల్చమన్నావంట.

ఇగ నాకు అర్థమైంది. నువ్వు పైపులో గాలి ఊది నా ఇల్లు ఖాళీ చేయిస్తున్నావు. క్రిస్టోఫరు పోతే నా బిడ్డ దీవెన పోతుంది, ఎవాంజెలిన్ పోతుంది. ఆ పేరు నువ్వే పెట్టావు, నా నోరు ఇప్పటికీ తిరగదు, నేను ఎవ్వి అంటాను. కార్ఖానా తాళం చెవి ఒక్కటి నా మొలకు మిగులుతుంది.

నీ గాలి మిషను గొప్పతనం ఏందో కాగితం మీద రాయి. ఎక్కడ తప్పుందో నేను చెబుతాను.

ఇట్లు,
ఇస్సాకు.

తణుకు,
30-8-2011.

పూజ్యులు బావగారు ఇస్సాకు గారికి, మీ వియ్యంకుడు శామ్యూల్ ప్రభువు నామంలో వందనాలు తెలియజేస్తూ వ్రాయునది.

మీ ఉత్తరం అందిందండి. ఆరేళ్ళ తరువాత మీ చేతివ్రాత చూసే భాగ్యం కలిగింది. దూది సంగతి నిజంగానే నాకు జ్ఞాపకం లేదండి. గీసే ఉంటాను, అలవాటు. బస్సులో సీటు కమ్మీ కనిపించినా గీస్తాను. పట్టి ఉంటుంది, పట్టిందని చెప్పి ఉంటాను. పట్టకపోతే పట్టలేదని చెప్పేవాణ్ణి కదండీ. ఒట్టు పెట్టుకోవద్దని బైబిలులో ఉంది, ఆ పేజీ మీ వైపు బైబిళ్ళలో లేదేమో.

ఇంకొకటి. నేను మిమ్మల్ని మీరు అని వ్రాస్తున్నాను, మీరు నన్ను నువ్వు అంటున్నారు. పిల్లవాడి తండ్రిని. మా వైపు పాలేరును కూడా కాస్త చూసి పిలుస్తారు.

ఇక మిషను సంగతి. కరెంటు మిషను బరువండి. మోటారంతా చేతిలోనే ఉంటుంది కదా. గంట రుద్దితే వేడెక్కుతుంది, రెండు గంటలు రుద్దితే చెయ్యి తిమ్మిరెక్కి అన్నం ముద్ద నోటికి అందదు. చెక్కపొట్టు లోపలికి పోయి మోటారు కాలుతుంది. గాలి మిషను అరచేతిలో పిచ్చుకలా ఉంటుంది. లోపల కాలడానికి ఏమీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం వరకు తిప్పినా చల్లగా ఉంటుంది. తడి చెక్క మీద పెట్టినా షాకు కొట్టదు. మా షెడ్డులో లారీలన్నీ దాంతోనే దిద్దుతాం.

అయితే గాలి మిషను మీకు కుదరదులెండి. దానికి సత్తా ఉండాలి.

మా అబ్బాయిని రమ్మన్న మాట నిజమేనండి. షెడ్డులో ఆరుగురు పని చేస్తున్నారు, ఒక్కడికీ నా ముక్కు లేదు. మీకు ఊరంతా అద్దాల మేడలున్నాయి, నాకు ఈ షెడ్డు ఒక్కటే ఉంది. పేపరులో రోజూ మీ గొడవలే. రేపు వాణ్ణి పొమ్మంటే వాడు ఏ ముఖంతో వస్తాడు? పొమ్మనకముందే రావడం మర్యాద.

చెల్లెమ్మ రూతమ్మ గారికి వందనాలు. మనవరాలికి ముద్దులు. పేరు పూర్తిగా పిలవండి, పాపం.

మీ,
శామ్యూల్.

హఫీజ్‌పేట్,
18 సెప్టెంబరు 2011, ఆదివారం.

శామ్యూలు బావకు ఇస్సాకు రాసేది. వందనాలు పోయిన ఉత్తరంలో పెట్టాను, అవే వాడుకో.

నిన్ను నువ్వు అన్నానని బాధపడ్డావు. నేను దేవునికి ప్రార్థన చేసేటప్పుడు కూడా నువ్వు అనే అంటాను. ఆయన ఎన్నడూ కవరు రాయలేదు. నువ్వు ఆయన కంటే పెద్దవాడివైతే చెప్పు, మారుస్తాను.

గాలి మిషను మాకు కుదరదా? మాకు సత్తా లేదా? ఈ మాట మీ వాళ్ళు మా వాళ్ళతో యాభై ఏండ్లుగా అంటున్నారు. నీళ్ళు మీకు కుదరవు, కొలువులు మీకు కుదరవు, రాజ్యం మీకు కుదరదు. ఇప్పుడు గాలి కూడా. మేము ఇన్ని రోజులు పీల్చింది ఏందనుకున్నావు? నీ ఉత్తరం మా గల్లీ ఐలయ్యకు చదివి వినిపించాను. ఆటో నడిపేవాడు, ఇప్పుడు సమ్మె కదా, ఆటో పక్కన పెట్టి జెండా పట్టుకున్నాడు. విని ఏమన్నాడో తెలుసా? "ఇస్సాకన్నా, గీ ఉత్తరం జేఏసీ టెంట్ల పెట్టుండ్రి, ఉపన్యాసం చెప్పే పని తప్పుతది" అన్నాడు.

అందుకే రాణిగంజ్ పోయి కరెంటు మిషన్లు రెండు కొన్నాను. నీ కొడుకు బిల్లు వంక చూశాడు, నా వంక చూశాడు, రెండింటినీ భుజాన వేసుకున్నాడు. నువ్వన్నట్టే బరువుంది, అది నిజం. మొగవాని పనిముట్టు బరువే ఉంటుంది. దానికి డబ్బా వద్దు, పైపు వద్దు, సత్తా అసలే వద్దు. గోడకు కరెంటు బొక్క ఒక్కటి ఉంటే చాలు, ఏ ఊరికి తీసుకుపోయినా తిరుగుతుంది. నా పనితనం కూడా అంతే.

పోయిన మంగళవారం నుంచి ఇక్కడ సకల జనుల సమ్మె. బస్సులు లేవు. బడికి సెలవు గనుక ఎవ్వి చెక్కపొట్టులో ఆడుతున్నది. సింగరేణి వాళ్ళు కూడా గనుల్లో దిగడం బంద్ చేశారు. మా బొగ్గు ఆగితే మీ తణుకులో దీపం ఎట్ల వెలుగుతుందో చూస్తాను. జర కొవ్వొత్తులు కొని పెట్టుకో.

క్రిస్టోఫరు ఫికర్ నీకు అక్కర లేదు. వాడిని పొమ్మనేవాడు ముందు చిత్రిక పట్టే నా రందా దాటి పోవాలి. మొన్న కొత్తగా నూరాను.

ఇట్లు,
సత్తా లేని ఇస్సాకు.

తణుకు,
28-9-2011.

బావగారు ఇస్సాకు గారికి,

కుశల ప్రశ్నలు తరువాత. నిన్న అబ్బాయి ఫోను చేశాడు. మియాపూరు రోడ్డు మీద ఏదో వంటా-వార్పు అని జనమంతా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుకున్నారట. మీరే వాణ్ణి తీసుకెళ్ళారట. అక్కడ ఎవరో వాణ్ణి నిలబెట్టి "నీది ఏ ఊరు" అని అడిగారట. వాడు నవ్వుతూనే చెప్పాడు, తండ్రికి అలాగే చెబుతారు. మీ రందా ఆ రోజు ఇంట్లో పెట్టి వెళ్ళారా అండి?

నేను భయపడింది ఇదే. ఈ రోజు ఊరు అడుగుతారు, రేపు ఇల్లు అడుగుతారు.

కరెంటు సంగతి కూడా చెప్పాడు. రోజులో సగం ఉండడం లేదట. మీరు గోడకు బొక్క ఉంటే చాలన్నారు. ఆ బొక్కలోకి ఇప్పుడు ఏం వస్తోందండి, గాలేనా? బొగ్గు ఆపింది మీరే, చీకట్లో కూర్చుంది మీరే. మాకూ పోతోంది, అబద్ధమెందుకు. కానీ మా కంప్రెసరుకు, అదే మీరు పెద్ద డబ్బా అన్నదానికి, డీజిల్ ఇంజను ఉంది. మాకు ఏ సమ్మె అయినా ఒకటే.

సత్తా అంటే మీరు ఏం చదువుకున్నారో నాకు తెలియదు. మీ కార్ఖానాకు చిన్న మీటరు, కంప్రెసరుకు పెద్ద మీటరు కావాలన్న ఉద్దేశంతో ఆ మాట వ్రాశాను. మీటరుకు సత్తా అన్నాను, మీకు అనలేదు. మీరు దాన్ని టెంటులో పెట్టించారు.

బల్ల ఆలస్యమైతే ఆ కంపెనీ వాళ్ళు ఊరుకోరని అబ్బాయి దిగులుపడుతున్నాడు. కొబ్బరికాయల లోడు మూసాపేటకు వెళ్తుంటే ఆ లారీ వెనక మా పాత డీజిల్ కంప్రెసరు, రెండు గాలి మిషన్లు ఎక్కించాను. బందులు చూసుకుని వస్తుంది. బల్ల పూర్తి చేసుకోండి. డిసెంబరు మొదట్లో మళ్ళీ లారీ పంపుతాను. కంప్రెసరు, మా అబ్బాయి, కోడలు, మనవరాలు, అందరూ దాంట్లో రావాలి. కంప్రెసరుకు చక్రాలున్నాయి, లాగితే వస్తుంది. మా వాడూ అంతే అనుకుంటాను.

శామ్యూల్.

హఫీజ్‌పేట్,
9 అక్టోబరు 2011, ఆదివారం.

శామ్యూలు బావకు,

నీ డబ్బా వచ్చింది. చక్రాల బండి మీద నీలం రంగు పందిపిల్ల లాగా ఉంది. తాడు లాగి ఇంజను లేపితే హఫీజ్‌పేట్ స్టేషనులో రైలు ఎక్కేవాళ్ళు కూడా ఇటు తిరిగారు. గల్లీ గల్లీ అంతా చూడ వచ్చింది. ఐలయ్య డబ్బా చుట్టూ తిరిగి, "ఇస్సాకన్నా, గిది ఆంధ్రా గాలి కాదే?" అన్నాడు.

"కాదురా. డబ్బానే ఆళ్ళది, గాలి మనదే. మన గాలిని మనకే ఊదుతది" అన్నాను.

"మరి ఇన్నొద్దుల సంది ఆళ్ళు చేసింది గదే గదనే" అన్నాడు. నీకు చేరవేస్తున్నాను.

ముందు వంటా-వార్పు ముచ్చట చెబుతాను. నీకు నిద్ర పట్టడం లేదని రూతమ్మ అంటున్నది. నీ కొడుకును ఎవరూ నిలబెట్టలేదు. వాడే పోయి గరిటె పట్టుకొని సాంబారు దగ్గర నిలబడ్డాడు. అందరూ రోడ్డు మీద ఆకులు పరిచి కూర్చున్నారు. ఐలయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని ఆగాడు. "ఏ ఊరు తమ్మీ నీది?" అన్నాడు. "తణుకండి" అన్నాడు వాడు. "అనుకున్న. సాంబార్ల బెల్లం ఎవలేస్తరు బై" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. తినలేదా అంటే రెండోసారి కూడా పోయించుకున్నారు. పక్కన ఎవడో కొత్తవాడు ఎవరి మనిషి అని అడిగితే, పోచమ్మ అని మా గల్లీలో చాయ్ అమ్మేది, "మా ఇస్సాకన్న అల్లుడు. జర బెల్లం ఎక్కువ, మనిషి మంచోడు" అన్నది. జరిగింది ఇంతే. నీ పేపర్లో ఏం రాశారో నాకు తెలియదు.

ఇగ నీ గాలి మిషను. తేలికగానే ఉంది. చల్లగానే ఉంది. చెయ్యి తిమ్మిరి పట్టలేదు. ఈ మూడు మాటలు రాయడానికి నాకు పొద్దున్నుంచి పట్టింది, చాలు. కానీ నీ మోసం కూడా బయటపడింది. క్రిస్టోఫరు బల్ల నడుమ దాకా దిద్దుకుంటూ వచ్చాడు, అద్దం లాగా తేలుతున్నది. అంతట మిషను తుపుక్కున ఉమ్మింది. నీళ్ళు. టేకు మీద చుక్కలు చుక్కలుగా, అమ్మవారు పోసినట్టు. పోగులు లేచి నిలబడ్డాయి. దూది కాదు, చాప గీసినా పట్టుకుంటుంది. డబ్బాలో నీళ్ళు నింపి పంపినావని నాకు తెలిసిపోయింది. బల్ల పాడైతే కంపెనీ వాళ్ళు వెళ్ళగొడతారు, కార్ఖానా మూత పడుతుంది, కొడుకు తణుకు వస్తాడు. ఊయల మీద దూది గీసినవాడు బల్ల మీద నీళ్ళు ఉమ్మడా?

కరెంటు లేదు. నీ డబ్బా మూతి కట్టేశాను. నేనూ, నీ కొడుకూ ఉప్పు కాగితం పట్టి చేత్తో రుద్దుతున్నాము. నా మోకాళ్ళు వాడికి తెలుసు గనుక నడుము వంచే చోటల్లా వాడే ముందు పోతున్నాడు. నీ దగ్గర నేర్చుకున్నది కాదు అది.

జవాబు చెప్పు.

ఇస్సాకు.

తణుకు,
19-10-2011.

బావగారు ఇస్సాకు గారికి, వందనాలు. వదినగారికి, సారీ, చెల్లెమ్మకు కూడా.

మీ ఉత్తరం షెడ్డులో పైకి చదివానండి. ఆరుగురూ పనిముట్లు కింద పెట్టి నవ్వారు. నీళ్ళు నేను నింపలేదు బావగారూ. గాలిలోనే ఉంటాయి. వానాకాలపు గాలిని నొక్కి నొక్కి డబ్బాలో పెడితే నీళ్ళు కారతాయి, వేడి గిన్నె మీద మూత పెడితే కారినట్టు. రోజూ పొద్దున్నే డబ్బా అడుగున ఉన్న బిరడా విప్పి నీళ్ళు వదలాలి. మా షెడ్డులో ఇరవై ఏళ్ళుగా ఆ పని నాదే. ఇంకెవరికీ అప్పగించను, మరిచిపోతారు. మా వాడు అది చూస్తూ పెరిగాడు, అయినా మరిచిపోయాడు. మీ ఇంటి గాలి సోకింది. మీరన్నారు కదా, గాలి మాత్రం మీదేనని.

బిరడా ఒక్కటే చాలదు. మీరు డబ్బా పక్కనే మిషను పెట్టి రబ్బరు పైపుతో నడిపి ఉంటారు. తప్పు. గాలి వేడిగా వచ్చి మిషనులో చల్లారి ఉమ్ముతుంది. డబ్బాను గది బయట పెట్టాలి. కింద సిమెంటు దిమ్మె కట్టి బోల్టులు బిగించాలి, లేకపోతే అదిరి అదిరి కీళ్ళు వదులుతాయి. అక్కణ్ణుంచి ఇనుప పైపు గోడ పొడవునా తిప్పి తీసుకురావాలి, కాస్త వాలుగా. ప్రతి మూలా కిందికి ఒక కొమ్మ వదిలి కొళాయి పెట్టాలి. గాలి ఆ చుట్టంతా తిరిగేసరికి చల్లబడి నీళ్ళు కొళాయిలో దిగుతాయి, మిషనుకు పొడి గాలి అందుతుంది. పైపుకు క్లాంపులు గోడలోకి లోతుగా దింపండి, ఊగకూడదు. బొమ్మ వెనక వేశాను, చూడండి. రెండు నెలల పనికి ఇదంతా ఎందుకంటారా? నా షెడ్డు నుంచి వచ్చిన డబ్బా ఎక్కడా ఉమ్మిందని పేరు రాకూడదండి. చేస్తే సక్రమంగా చేయాలి.

బెల్లం సంగతి అర్థమైంది. బెల్లం వేయనిది సాంబారెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఊరు అడగడం అందుకేనని తెలిసి కాస్త కుదుటపడ్డాను. కానీ మనసు మారలేదు. కోడలు నెల తప్పిందని అబ్బాయి చెప్పాడు, చాలా సంతోషం. మొదటి బిడ్డ మీ దగ్గర పుట్టింది, రెండో బిడ్డయినా తణుకులో పుట్టాలి. డిసెంబరు మొదటి వారం లారీ వస్తుంది. ఇది నా కోరిక అనుకోండి, హక్కు అనుకోండి.

ఆ ఊయల ఉందా అండి? ఉంటే అదీ ఎక్కించండి. ఇక్కడ దిద్దిస్తాను.

మీ,
శామ్యూల్.

హఫీజ్‌పేట్,
13 నవంబరు 2011, ఆదివారం.

శామ్యూలు బావకు, ఇస్సాకు వందనాలు. ఈసారి కొత్తవే.

దీవెన నెల తప్పిన సంగతి నాకు నీ ఉత్తరం చదివితే తెలిసింది. ఒకే కప్పు కింద ఉంటున్నాము, వార్త తణుకు పోయి తపాలాలో వచ్చింది. రూతమ్మను అడిగితే, "చెప్తే మల్ల ఊయల ముచ్చట ఎత్తుతవని చెప్పలే" అన్నది. చూడు, నీ దూది ఎంత దూరం పోయిందో.

సమ్మె ఆగింది. బొగ్గు వచ్చింది, కరెంటు వచ్చింది, తెలంగాణ ఒక్కటి ఇంకా రాలేదు. బల్ల ఇచ్చాము. మూడు ముక్కలు చేసి లిఫ్టులో ఎక్కించి పైన అతికాము. చివరి పూత మీద ముఖం కాదు, ముక్కులో వెంట్రుకలు కూడా కనపడ్డాయి. మేనేజరు వచ్చి అరచెయ్యి పెట్టి, "వావ్" అన్నాడు. అని, చాయ్ మరకలు పడతాయని దాని మీద అంచు నుంచి అంచు దాకా అద్దం పరిపించాడు. నేనూ, నీ కొడుకూ రెండు నెలలు దిద్దిన నునుపును ఇగ పుట్టిన మనిషి ముట్టలేడు. మెట్లు దిగుతూ క్రిస్టోఫరు అన్నాడు, "రంపం గీత అలా వదిలేసినా సరిపోయేదండి మావయ్యా" అని. నవ్వుకుంటూ ఇంటికి వచ్చాము.

ఇగ అసలు సంగతి. నీ ఉత్తరం వెనక బొమ్మ వాడు చూశాడు. ఎట్ల చెప్పావో అట్లనే చేశాడు, గీత కూడా తప్పలేదు. కార్ఖానా బయట గుంత తవ్వి సిమెంటు దిమ్మె పోశాడు. ఇనుప పైపు గోడ పొడవునా వాలుగా పట్టాడు, మూల మూలకు కొళాయి పెట్టాడు. క్లాంపులు లోతుగా దింపమన్నావు, గోడ అవతల కనపడేంత లోతుగా దింపాడు. పెద్ద మీటరు వేయించాడు. డీజిల్ ఇంజను తీసి కరెంటు మోటారు బిగించాడు. అంటే నా కరెంటు లేకుంటే నీ గాలి పుట్టదు, అది రాసి పెట్టుకో. ఇంత చేసినా నేను ఒక్క మాట అనలేదు. చక్రాలు పీకి అటక మీద వేసినప్పుడు మాత్రం అడిగాను.

"ఏంది క్రిస్టోఫరూ, చక్రాలు పీకినవ్?"

"దిమ్మె మీద చక్రాలెందుకండి, అదురుతుంది."

"వచ్చే నెల మీ నాయిన లారీ పంపుతడు గద. అప్పుడు మల్ల బిగిస్తవా?"

వాడు కొళాయి తిప్పుతూ కూర్చున్నాడు. "విప్పడానికి వేసిన పైపు కాదండి ఇది. ఉంటాం మావయ్యా. నాన్నకి మీరే రాయండి. నాకు నోరు రాదు."

"నాకు ఆయనతోని మాటల్లేవు."

"రాయమన్నానండి. మాట్లాడమనలేదు."

అందుకు రాస్తున్నాను. మూడు నెలలు నేను కరెంటు మిషను గొప్పదని పోట్లాడాను. నేనే రాశాను కదా, గోడకు బొక్క ఉంటే చాలు, ఏ ఊరికైనా తీసుకుపోవచ్చు అని. ఎంత తెలివితక్కువ మాట. సంకన పెట్టుకొని రేపు పొద్దున్నే రైలెక్కే మిషను అది. గాలి మిషను అట్ల పోదు. దాని కాళ్ళు సిమెంటులో ఉంటాయి, చేతులు గోడలో ఉంటాయి. నీ గాలి మిషనే గొప్పదని నేను ఒప్పుకుంటున్నాను. నువ్వు గెలిచావు. ఇంత గట్టిగా పాతమని చెప్పింది నువ్వే గనుక నన్ను తిట్టడానికి నీకు నోరు లేదు.

ఈ మాట చదివి నువ్వు షెడ్డులో ఒక్కడివే కూర్చుంటావని రూతమ్మ అన్నది. కూర్చోవద్దు. నువ్వన్న నీళ్ళ బిరడా ఉంది కదా, రోజూ పొద్దున్నే విప్పాలి. క్రిస్టోఫరు మరిచిపోతున్నాడు. నేను విప్పను, అది నీ పని అని నువ్వే రాశావు, ఒకరి పని నేను ముట్టను. నీ షెడ్డు ఆ ఆరుగురు చూసుకుంటారు, నీ ముక్కు లేకున్నా వాళ్ళకు చేతులున్నాయి. హఫీజ్‌పేట్‌లో లారీలు నిలబడే చోటు చాలా ఉంది, బాడీ కట్టేవాడు లేడు. వస్తే ఆంధ్రావాడివని ఎవరూ అనరు. ఐలయ్య బెల్లం అంటాడు, పడాలి.

ఇంకొకటి. ఊయల ఇక్కడే ఉంది, ఎక్కడికీ ఎక్కించలేదు. నీ గాలి మిషనుతో దాని అంచుల మీద దుమ్ము దులిపాను. దిద్దలేదు, దులిపాను. ఆ రోజు ఉన్న నునుపే ఇప్పుడూ ఉంది. నమ్మకపోతే వచ్చి గీసి చూడు. నీ దూది నువ్వే తెచ్చుకో. చెవిలోది వద్దు, కొత్తది కొను. నేను పక్కన నిలబడతాను. దూది జారితే, ఆ రోజు సంఘం ముందర అన్న మాటను అదే సంఘం ముందర, అండి పెట్టి, వెనక్కి తీసుకోవాలి. తరువాత నేను నీతో మాట్లాడతాను. ముందు పలకరించవలసింది మాత్రం నువ్వే.

డిసెంబరు నాలుగో తేదీ ఆదివారం. ఆరాధన లోపల నువ్వు రావాలి, లేదా నీ జవాబు రావాలి. రెండూ రాకపోతే డబ్బా నాది, పైపు నాది, ఊయల నున్ననిది అని నువ్వు ఒప్పుకున్నట్టు పాస్టరుతో చెప్పి సంఘంలో చదివిస్తాను. లారీ పంపేటట్టయితే ఖాళీగా పంపకు. నువ్వు ఎక్కి రా.

ఇస్సాకు.